ఇసాన్ బడిలో ఇంగ్లీషు అయివారమ్మ



ఐదారు నెలలుగా నా నుండి ఒక్క వాక్యం కూడా రాలేదు. మీలో కొందరు క్షేమసమాచారం అడిగారు. ఒకరిద్దరు "మన బడులకు ఇంత కష్టం వచ్చిన వేళ మీరు మౌనం వహించడం తగునా?" అని మందలించారు. తగదు. కాని కారణం చెప్పుకోవడానికి నాకే కొంత సిగ్గుగా ఉండినది. పదునాలుగు సంవత్సరాలు హోసూరు ప్రాంతంలో తెలుగు పాఠం చెప్పి, తెలుగు బడులు నిలవాలని మీ అందరికీ ఉపన్యాసాలు వినిపించిన నేను, గడచిన మే నెలలో సముద్రం దాటి థాయిలాండు వచ్చి ఇంగ్లీషు పాఠం చెబుతున్నాను.

నవ్వుకునేవారు నవ్వుకోవచ్చును. విమానంలో కూర్చున్నప్పుడు నాకూ నవ్వే వచ్చినది.

నేను పనిచేసిన బడి పేరు వ్రాయను. ఎవరినీ నిందించడం నా ఉద్దేశం కాదు. నేను చేరిన యేడు అక్కడి తెలుగు విభాగంలో ఏ తరగతిలోనూ ముప్పైమందికి తక్కువ లేరు. చివరి యేడు ఆరవ తరగతిలో తొమ్మిదిమంది, ఏడవ తరగతిలో ఆరుగురు. "పిల్లలు లేనిదే విభాగం ఎట్లా నడుపుతామమ్మా?" అన్నారు యాజమాన్యంవారు. ఆ ప్రశ్నకు నా వద్ద సమాధానం లేకపోయినది. ఆ పిల్లలను మా తరగతి నుండి తీసుకొనిపోయినది ప్రభుత్వమూ కాదు, పొరుగు భాషవారూ కాదు, మన తల్లిదండ్రులే. నాకు ఇంగ్లీషులో ఎం.ఏ. పట్టా ఉన్నది, బి.ఇడి. ఉన్నది. తెలిసినవారొకరు ఇక్కడ పనిచేసి వచ్చి దారి చెప్పారు. ఇంటి అప్పు, అబ్బాయి చదువు కళ్ళ ముందున్నవి. వచ్చాను.

ఇక్కడ నేను చూచిన సంగతులు కొన్ని మీకు పనికివస్తాయని తోచి వ్రాస్తున్నాను. నాలుగు నెలల కాపురంతో ఒక దేశాన్ని తెలుసుకున్నానని చెప్పడం సాహసమే అవుతుంది. ఇవి తొలి చూపులో తోచిన మాటలు మాత్రమే అని మీరు గ్రహించాలి.

నేనున్నది ఖోన్ కేన్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. థాయిలాండు ఈశాన్య భాగాన్ని ఇసాన్ అంటారు. అది మన 'ఈశాన' శబ్దమే. వరిపొలాలు, ఎనుములు, మధ్యాహ్నపు ఎండలో నిద్రపోయే కుక్కలు. ఊరి పొలిమేర దాటితే బాగలూరు దారిలో ఉన్నానేమో అనిపిస్తుంది. ఉదయం ఎనిమిది గంటలకు పతాకం ఎగరవేసి జాతీయగీతం పాడతారు. తరగతి గుమ్మం బయట చెప్పుల వరుస. పిల్లలు రెండు చేతులు జోడించి తల వంచి "సవత్ దీ ఖా" అంటారు. మగపిల్లలైతే చివర "ఖ్రప్" అంటారు. ఆ సవత్ దీ మన 'స్వస్తి'. ఆ ఖా, ఖ్రప్‌లను మన 'అండీ' అనుకోండి. లేకుంటే మాట మొరటుగా వినిపిస్తుంది.

ఉపాధ్యాయుని ఇక్కడ 'ఖ్రూ' అంటారు, అది గురువు. కళాశాల అధ్యాపకుని 'ఆచాన్' అంటారు, అది ఆచార్యుడు. కళాశాల 'విత్తయాలై', విశ్వవిద్యాలయం 'మహావిత్తయాలై', భాష 'ఫాసా'. ఉపాధ్యాయులకు అనుమతి పత్రమిచ్చే సంస్థ పేరు 'ఖురుసఫా'. మొదటి రోజు ఆ పేరు విని నోరు తెరచుకొని నిలబడ్డాను. గురుసభ! మన దేశంలో అటువంటి కార్యాలయాలకు ఇంత చక్కని పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

తెలుగు చెప్పేవారికి ఇక్కడి లిపి ఒక విందు. పల్లవుల లిపి నుండి ఖ్మేరు లిపి, దాని నుండి థాయి లిపి పుట్టినవని పండితులు చెబుతారు. హల్లులు నలభై నాలుగు. మన 'అ అమ్మ, ఆ ఆవు' వలెనే ప్రతి అక్షరానికీ ఒక వస్తువు జోడించి పిల్లలచేత వల్లె వేయిస్తారు. మొదటి హల్లుకు కోడి, రెండవదానికి గ్రుడ్డు. గుణింతాలున్నవి. శ, ష, స మూడూ ఉన్నవి, మూడింటినీ ఒక్కటిగానే పలుకుతారు, అయినా వ్రాతలో ఒక్కదానినీ వదలుకోలేదు. ఆదివారం 'వన్ ఆథిత్'. పలుకులో ఆదిత్య శబ్దపు తుది 'య' లేదు. వ్రాతలో మాత్రం ఉన్నది, దాని నెత్తిన 'పలుకవద్దు' అనే చిన్న గుర్తు. ఒక మాట ఎక్కడి నుండి వచ్చినదో పిల్లవానికి గుర్తుండడానికి వీరు ఇంత శ్రమపడుతున్నారు. మనవారు కొందరు 'ఱ' బరువైనదని గోల పెడుతూ ఉంటారు.

జూన్ నెలలో ఒక గురువారం నాడు 'వై ఖ్రూ' జరిగినది. అంటే గురువందనం. గురువారమే ఎందుకో మీకు వేరే చెప్పనక్కరలేదు. పిల్లలు అరటి ఆకులతో, పూలతో అమర్చిన పళ్ళేలు తెచ్చి మోకాళ్ళపై కూర్చొని అందిస్తారు. ఆ అమరికలో నూరువరహాల పూలు, వంకాయ పూవు, గరిక, పేలాలు ఉంటవి. ఇంతింత తామరలు గులాబీలు ఉండగా వంకాయ పూవెందుకని తోటి ఉపాధ్యాయినిని అడిగాను. కాయ కాయబోయే పూవు తల వంచుతుంది గనుక అది వినయానికి గుర్తు అన్నది. గరిక ఎంత త్రొక్కినా మళ్ళీ మొలుస్తుంది. చదువు కూడా అట్లా మొలవాలి. నూరువరహాల మొగ్గ సూదివలె ఉంటుంది. బుద్ధి అట్లా పదునుగా ఉండాలి. మా నాయన తోటలో ఏటేటా వంకాయ పూలు చూచినదానను, ఈ అర్థం ఎవరూ చెప్పలేదు. సెప్టెంబరు అయిదున మనకు ఇచ్చే ఒక కలమూ, మైకులో ఒక ఉపన్యాసమూ నాకు జ్ఞాపకం వచ్చినవి.

ఇంతవరకు చదివి ఇది స్వర్గమని మీరు అనుకోవద్దు. ఉద్యోగం కోసం మాట్లాడినప్పుడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న "మీ మాతృభాష ఏది?" తెలుగు అన్నాను. ఎదుట కూర్చున్నవారు కాగితంపై ఏదో గుర్తు వేసుకున్నారు. ఇంగ్లీషు మాతృభాషగా గల దేశాలవారికి ఒక జీతం, మనవంటివారికి, ఫిలిప్పీన్సువారికి మరొక జీతం. ఇంగ్లీషు వచ్చునని పరీక్ష వ్రాసి మార్కుల పత్రం చూపవలసినది మనమే. మాతృభాష ఏదని నన్ను ఒక కార్యాలయంలో అడగడం అది రెండవసారి. మొదటిసారి, తెలుగు అయినందున కొలువు దొరికినది. రెండవసారి, తెలుగు అయినందున జీతం తగ్గినది. తెల్లని ముఖం ఒకటి బడి గోడమీది పటంలో ఉంటే తల్లిదండ్రులు సంతోషిస్తారట. ఇందులో మనం ఆశ్చర్యపోవలసినదేమున్నది? హోసూరులో మన బడుల పక్కనే వెలసిన బడుల పేర్లు ఒకసారి తలచుకోండి. ఎన్ని సెయింట్లు, ఎన్ని కేంబ్రిడ్జిలు!

తరగతిలో నలభై ఇద్దరు పిల్లలు. నేను "హౌ ఆర్ యూ?" అనగానే నలభై రెండు గొంతులు ఒకే రాగంతో "ఐ యామ్ ఫైన్, థాంక్యూ, అండ్ యూ?" అంటవి. జ్వరంతో కళ్ళు ఎర్రబడ్డ పిల్ల కూడా ఫైనే. ఆ తరువాత నిశ్శబ్దం. అడిగితే తప్పు పోతుందేమో, అయివారమ్మను ఇబ్బంది పెట్టినట్లవుతుందేమో అనే మొగమాటం ఈ దేశపు మర్యాదలో భాగం. మన పిల్లలలో కూడా ఇంగ్లీషు గంటలో ఈ మౌనమే కదా మీరు చూచేది?

ఉచ్చారణ విషయంలో ఒక సంగతి ఉపాధ్యాయ మిత్రులకు ప్రత్యేకంగా చెప్పాలి. మనది అజంతభాష. ఇంగ్లీషు మాట చివర హల్లు కనబడితే మనకు ఊపిరాడదు, ఒక అచ్చు తగిలిస్తాం. బస్సు, కారు, బుక్కు. మొదట రెండు హల్లులు కలిస్తే ముందొక అచ్చు పెట్టి ఇస్కూలు అంటాం. వీరిది దానికి ఎదురుదారి. చివరి హల్లును మింగివేస్తారు, లేదా మార్చివేస్తారు. చివరి లకారం వీరి నోట నకారమవుతుంది; బాల్ అన్నది 'బోన్' అవుతుంది. మొదటి వారం దీనిని తప్పు అని దిద్దాను. రెండవ వారం వీరి భాషలో మాట చివర ఏయే ధ్వనులు నిలుస్తాయో తోటి ఉపాధ్యాయినిని అడిగి తెలుసుకున్నాను. అప్పుడు తెలిసినది, పిల్లలు చేస్తున్నది తప్పు కాదు, తమ భాష నియమాన్ని ఇంగ్లీషుపై నమ్మకంగా అమలుచేయడమని. దాని తరువాత నా పని సగం తేలికైనది. పిల్లవాని ఇంటి భాష తెలియని ఇంగ్లీషు ఉపాధ్యాయుడు చీకటిలో సూది వెదుకుతున్నవాడే. మరి మన పట్టణాల ఇంగ్లీషు బడులలో తరగతిలో తెలుగు వినబడితే జుల్మానా వేసేవారు, ఉన్న దీపాన్ని ఊదుతున్నారు.

నేను కూడా విద్యార్థినినయ్యాను. థాయి భాషలో ఒకే అక్షరాన్ని ఐదు స్వరాలలో పలుకుతారు, స్వరం మారితే అర్థం మారుతుంది. 'మా' అని సమంగా అంటే రమ్మని. స్వరం క్రింద నుండి పైకి లేపితే కుక్క. ఇంకొక విధంగా హెచ్చు గొంతుతో అంటే గుర్రం. మొదటి వారంలో ఒక పిల్లను ముద్దుగా దగ్గరకు పిలిచాను. తరగతి అంతా బల్లలపై పడి నవ్వినది. ఆ పిల్ల మాత్రం పాపం మర్యాదగా లేచి వచ్చినది. ఇరవై యేండ్ల తరువాత నోరు తిరగని బిడ్డ పడే బాధ ఏమిటో నాకు మళ్ళీ తెలిసినది. ప్రతి భాషోపాధ్యాయుడూ పదేండ్లకొకసారి ఏదో ఒక క్రొత్త భాష మొదటి తరగతిలో కూర్చోవాలని నా అభిప్రాయం.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇక్కడ ఇంగ్లీషు ఒక గంట మాత్రమే. ఆ గంట అయిపోగానే లెక్కలు థాయిలో, విజ్ఞానశాస్త్రం థాయిలో, చరిత్ర థాయిలో. విశ్వవిద్యాలయాలలో కూడా అధిక భాగం చదువు థాయి భాషలోనే. ఆసుపత్రిలో వైద్యుడు చీటీ వ్రాస్తూ రోగితో మాట్లాడేది థాయి, బ్యాంకులో నింపే కాగితం థాయి. బ్యాంకాకులో ఇంగ్లీషు మాధ్యమపు ఖరీదైన బడులు ఉన్నవి, ప్రభుత్వ బడులలో సైతం కొన్నిచోట్ల ఇంగ్లీషు విభాగాలున్నవి. అయినా థాయిలో చదివినవాడు తక్కువవాడన్న భావం నాకు ఈ నాలుగు నెలలలో ఎక్కడా కనబడలేదు. ఈ దేశం ఐరోపావారి వలసగా ఎన్నడూ లేదు. దొరల భాష కోర్టుకెక్కి, కచేరీకెక్కి, తరువాత మన మనసుకెక్కిన కథ వీరికి లేదు. మొదటి వారంలో ఎనిమిదవ తరగతి విజ్ఞానశాస్త్రపు పుస్తకం తిరగవేసి చూచాను. ఒక్క అక్షరం అర్థం కాలేదు. ఎంతో సంతోషం కలిగినది.

"మరి వాళ్ళకు ఇంగ్లీషు వచ్చునా?" అని మీరు అడుగుతారు. అడగండి, అది న్యాయమైన ప్రశ్నే. రాదు. ఒకటవ తరగతి నుండి చదివినా చాలామందికి రాదు. దీనిని దాచి మీకు థాయి మాధ్యమపు మహిమను కీర్తిస్తే నేను అబద్ధమాడినదాననవుతాను. కాని ఎందుకు రాదో లోపల ఉండి చూస్తున్నాను. నలభైమందికి ఒక ఉపాధ్యాయిని, వ్యాకరణపు ఖాళీలు నింపే పరీక్షలు, నోరు తెరిచే అవకాశం వారానికి రెండు నిమిషాలు. లెక్కలు థాయిలో చదివినందువల్ల ఇంగ్లీషు రాకపోవడం లేదు. ఇంగ్లీషును ఇంగ్లీషుగా చెప్పనందువల్ల రావడం లేదు. ఇదే పద్ధతిలో లెక్కలు కూడా ఇంగ్లీషులో చెబితే ఏమవుతుందో మనకు బాగా తెలుసు. మన ఊళ్ళలోనే చూస్తున్నాం గదా: ఇంగ్లీషూ రాక, లెక్కలూ రాక, తెలుగులో ఒక విన్నపం వ్రాయలేక నిలిచిపోయిన బిడ్డలను.

అయితే ఇంతకంటే నన్ను కలవరపెట్టిన సంగతి మరొకటి ఉన్నది. మొదటి నెలలో దానిని నేను చూడనేలేదు.

ఇసాన్ పిల్లల ఇంటి భాష థాయి కాదు. వారి ఇంటిమాట లావో భాషకు దగ్గరిది. కోటిమందికి పైగా మాట్లాడే భాష అది. బడిలో, ప్రభుత్వంలో, దూరదర్శనంలో ఉండేది బ్యాంకాకువారి థాయి. 'లేదు, కాదు' అనడానికి థాయిలో 'మై' అంటే ఇంట్లో 'బో' అంటారు. మాట్లాడడం అక్కడ 'ఫూత్', ఇంట్లో 'వావ్'. ఒకనాడు తినుబండారాల పాఠంలో 'డెలిషస్' అనే మాట వచ్చినది. మీ భాషలో ఏమంటారని అడిగాను. ముందు వరుసవారు "అరొయ్" అన్నారు. వెనుక బల్లపై ఎన్నడూ నోరు విప్పని పిల్లవాడు ఒకడు మెల్లగా "సేప్" అన్నాడు. పిల్లలు గొల్లుమన్నారు. పక్కనున్న థాయి ఉపాధ్యాయిని, ఎంతో మంచి మనిషి, నవ్వుతూనే సరిగా మాట్లాడమని వానికి చెప్పినది. ఆమె కూడా ఈ ప్రాంతపు బిడ్డే. ఇంటికి పోతే ఆమెకు కూడా అన్నం సేపే. పిల్లవాడు తల వంచుకున్నాడు.

ఆ వంచిన తల నేను ఇంతకు ముందు చూచినది.

ఏడెనిమిదేండ్ల క్రిందట ఆరవ తరగతి పిల్లవాడొకడు 'మా పొలం' అనే వ్యాసంలో తాత మడక కట్టిన సంగతి, ఎనుము ఈనిన సంగతి వ్రాసి తెచ్చాడు. మడక కొట్టివేసి నాగలి అని, ఎనుము కొట్టివేసి గేదె అని ఎర్రసిరాతో వ్రాశాను. "ఇది తెలుగు కాదురా, ఊరి మాట" అన్నాను. మడక ఎంత పాత మాటో నాకు తెలియక కాదు. మా ఇంట్లో దున్నినది కూడా మడకతోనే. కాని పుస్తకంలో నాగలి ఉన్నది, పరీక్ష దిద్దేవారు నాగలిని వెదుకుతారు. పైరుపచ్చలన్నీ నిండిన రెండు పుటల వ్యాసం అది. తరువాతి వ్యాసం పది వాక్యాలకు మించలేదు, అన్నీ పుస్తకంలోని వాక్యాలే. ఆ యేడు గడిచాక వాడు ఇంగ్లీషు విభాగానికి మారిపోయాడు. నా ఎర్రసిరా వల్లనే మారాడని అనను. తెలుగు తన ఇంటిది కాదని, అది కూడా మరొక పరాయి పాఠమేనని నేర్పిన చేతులలో నాది ఒకటి. అంతవరకు నేను ఒప్పుకొని తీరాలి. రెండు పరాయి భాషలలో ఒకదానిని ఎన్నుకోవలసి వస్తే ఏ బిడ్డ అయినా కూలి ఎక్కువ దొరికేదానినే ఎన్నుకుంటాడు.

నల్లబల్లపై ఆనాడు మూడు మాటలు వ్రాశాను. ఇంగ్లీషుది ఒకటి, థాయిది ఒకటి, సేప్ ఒకటి. మూడవదానిని థాయి అక్షరాలలో ఎట్లా వ్రాయాలో నాకు రాదు. ఆ పిల్లవాడినే పిలిచి వ్రాయించాను. వాడు వ్రాసినది సరియో కాదో తరగతిలో పెద్ద వాదమే జరిగినది, ఎందుకంటే ఇంటిమాటను వ్రాయడం వారిలో ఎవరికీ అలవాటు లేదు. ఆ వాదం ఎడతెగక సాగుతుంటే నాకు మొదట ముచ్చట వేసినది, తరువాత భయం వేసినది. ఈ భాషకు ఒకప్పుడు స్వంత లిపి ఉండేది. తై నొయ్ అంటారు. ఇక్కడి ఆలయాలలో తాటాకు గ్రంథాలున్నవి. వాటిని చదవగలవారు నేడు పరిశోధకులు, కొందరు వృద్ధ భిక్షువులు మాత్రమే. ఆ పిల్లవాని తల్లిదండ్రులు బ్యాంకాకులో పనిచేస్తారు; వానిని పెంచుతున్నది అవ్వ. ఆమె ఒకనాడు వెదురు బుట్టలో జిగురన్నం తెచ్చి నాకు కూడా పెట్టినది. ఆమెకు థాయి అంతంత మాత్రం. ఆమె తాతల వ్రాతను ఆమె చదవలేదు. కోటిమంది ప్రతిరోజూ ఇంట్లో మాట్లాడుతున్నారు, అయినా ఒక్క ఉత్తరం వ్రాసుకోలేరు.

తల్లిదండ్రులారా, మా విభాగం మూతపడిన యేడు ఒక తల్లి నాతో అన్న మాట మీలో ఎందరో అన్నదే: "తెలుగు ఇంట్లో ఎట్లాగూ మాట్లాడుతాం గదా అయివారమ్మా, బడిలో ఎందుకు?" అప్పుడు నేను సంస్కృతి అనీ, వారసత్వం అనీ ఏవేవో చెప్పాను. ఆమె వినలేదు, వినకపోవడం ఆమె తప్పు కాదు. ఇప్పుడైతే ఆమెను ఈ అవ్వ ప్రక్కన కూర్చోబెట్టి ఒక పూట జిగురన్నం తినిపిస్తాను.

ఇదే దేశపు దక్షిణాన, పట్టాని ప్రాంతంలో, మలయ్ మాట్లాడే ముస్లిము పిల్లలున్నారు. అక్కడ మహీడొల్ విశ్వవిద్యాలయంవారు బిడ్డకు ముందు ఇంటి మలయ్‌లో చదువు మొదలుపెట్టి, క్రమంగా థాయిలోనికి నడిపించే పద్ధతిని నడిపారు. ఆ పిల్లలు థాయి భాషలో సైతం వెనుకబడలేదని, మెరుగైనారని వారు చూపారు. 2016లో ఆ కృషికి యునెస్కోవారి కింగ్ సెజోంగ్ అక్షరాస్యత బహుమానం వచ్చినది. ఇంటిభాష దేశభాషకు శత్రువు కాదని బహుమానం వచ్చేదాకా ఎవరూ నమ్మరు కాబోలు.

మన రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుండి ఉన్నది. భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ యత్నించాలని దాని సారాంశం. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుండి ఏటేటా పైకి తప్పనిసరి చేస్తూ వచ్చినది. 2016 నాటికి పదవ తరగతికి చేరినది. దానిపై న్యాయస్థానాలలో జరిగిన పోరాటం మీకు తెలుసు. మన బిడ్డలు తమిళం నేర్వడాన్ని నేను ఎన్నడూ వ్యతిరేకించలేదు. ఆ గడ్డపై బ్రతికేవారికి అది అన్నం పెట్టే భాష, మా వీధిలో పిల్లలకు అది ఎవరూ నేర్పకుండానే వస్తుంది. కాని తమిళం చేరినచోట తెలుగు జరగాలన్న లెక్క నాకు అర్థం కాదు. ఒడిశాలోని, కర్ణాటకలోని, మహారాష్ట్రలోని మిత్రులు తమ తమ రాష్ట్రపు చట్టాన్ని నాకంటే బాగా ఎరుగుదురు. ఆ పోరాటం సాగాలి. అయితే చట్టం తలుపు తెరిచి ఉంచినా లోపలికి వచ్చే బిడ్డ లేకపోతే ఏమి చేస్తామన్నది నా విభాగం నాకు నేర్పిన ప్రశ్న.

కనుక ఉపాధ్యాయులకు నా మనవి ఇది. ఇంగ్లీషును తిట్టడం మానుదాం. పిల్లల తల్లిదండ్రులకు ఇంగ్లీషు కావాలి. కావాలనడంలో దోషం లేదు. తెలుగు బడిలోనే ఇంగ్లీషు చక్కగా చెప్పి చూపిద్దాం. అజంతభాష బిడ్డకు హలంతపు మాట ఎట్లా పలికించాలో మనకంటే ఎవరికి తెలుసు? రెండవది, ఎర్రసిరా. హోసూరు బిడ్డ మడక అంటే మడక అని వ్రాయనివ్వండి. ప్రక్కన నాగలి కూడా చేర్చండి. కొట్టివేయకండి. మదురైలో, బళ్ళారిలో, బరంపురంలో మీ పిల్లల నోట ఉన్న మాటలు విజయవాడలో అచ్చయిన పుస్తకాలలో దొరకకపోవచ్చు. దొరకనంత మాత్రాన అవి తెలుగు కాకపోవు. కొందరు మిత్రులకు ఇది నచ్చదని తెలుసు. ప్రమాణభాష ఏమవుతుందని వాదిస్తారు. ఇంటిమాటతో మొదలైన బిడ్డ ప్రమాణభాషకు నడిచి రాగలడు. మొదలే లేని బిడ్డ ఎక్కడికీ రాడు.

తల్లిదండ్రులకు మనవి చేయవలసిన చోట నా నోరు కొంచెం తడబడుతున్నది. ఎందుకంటే నేనూ ఒక తల్లిని. మా అబ్బాయికి పన్నెండేండ్లు. వాడిని మా అమ్మ దగ్గర హోసూరులో వదలి వచ్చాను. పదునాలుగేండ్లు ఇతరుల బిడ్డలకు తెలుగు చెప్పిన నేను నా బిడ్డను ఇంగ్లీషు బడిలోనే వేశాను. ఆ బడిలో ఇంగ్లీషు, తమిళం ఉన్నవి, తెలుగు లేదు. ఇంట్లో మాట్లాడుతాం గదా అన్నది ఆ తల్లి ఒక్కతే కాదు. ఇంట్లోనే నేర్పుకుంటానని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రం అయ్యేసరికి దిద్దవలసిన వ్యాసాలు నలభై ఉండేవి.

జూన్‌లో, ఆ గురువందనం జరిగిన రాత్రి, వానికి నాలుగు పుటల ఉత్తరం వ్రాసి పంపాను. వంకాయ పూవు సంగతి, నేను పిల్లను కుక్క అని పిలిచిన సంగతి అన్నీ వ్రాశాను. మూడు వారాలకు చేరినది. ఫోనులో "చదివినావా?" అని అడిగాను. "అవ్వ చదివి చెప్పిందిమా, బాగుంది" అన్నాడు. వాడు మంచి పిల్లవాడు, నన్ను నొప్పించాలని అనలేదు. ఇక్కడి అవ్వ తన తాతల తాటాకు చదవలేదు. అక్కడి మనుమడు తన తల్లి ఉత్తరం చదవలేడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం, ఇక్కడి ఎనిమిదిన్నరకు, అక్కడ ఏడు గంటలకు, ఫోనులో పాఠం జరుగుతున్నది. వాడు పలకపై వ్రాసి తెరకు చూపుతాడు. మొదట్లో మూతి ముడిచాడు. థాయి కోడి అక్షరం, గ్రుడ్డు అక్షరం వానికి నేర్పి, దానికి బదులుగా మన అక్షరాలు రెండు వ్రాయాలని ఒప్పందం పెట్టుకున్నాక కొంత దారికి వచ్చాడు. గడచిన వారం క గుణింతం పూర్తయినది. కౌ దగ్గర ఔత్వం ఎటు తిప్పాలో ఇంకా తికమక పడుతున్నాడు. అక్టోబరులో ఇక్కడ మొదటి విడత బడి ముగుస్తుంది. ఆ సెలవులలో ఇంకొక ఉత్తరం వ్రాయాలనుకుంటున్నాను, ఈసారి ఒత్తులు లేని మాటలతో.